నాలుగు కిటికీల సరస్సు

కళ్ళజోళ్ళ దుకాణం వెనక గదిలో ఒక సరస్సు ఉండేది. దుకాణానికి వచ్చేవారికి ఆ సంగతి తెలియదు. వారు ముందు గదిలో ఎత్తయిన కుర్చీలో కూర్చుని, ఎదుటి గోడ మీది అక్షరాల పట్టికను పెద్ద వరుస నుంచి చిన్న వరుసకు చదువుకుంటూ దిగేవారు. దుకాణదారు వారి ముక్కు మీద బరువైన పరీక్ష చట్రం పెట్టి, అందులో ఒక్కొక్క అద్దాన్నే మారుస్తూ, "ఇది బాగుందా, ఇంతకు ముందుది బాగుందా?" అని అడిగేది. రెండు అద్దాలు ఒకేసారి మార్చేది కాదు. అలా మారిస్తే ఏది మేలు చేసిందో, ఏది కీడు చేసిందో తెలియదని ఆమె నమ్మకం. లోకంలో చాలా అనర్థాలు రెండు అద్దాలు ఒకేసారి మార్చేవారి వల్లనే జరుగుతున్నాయని కూడా ఆమె నమ్మకం. అయితే ఆ మాట ఎవరూ అడగలేదు కనుక ఆమె ఎవరికీ చెప్పలేదు.

తెర తొలగించుకుని లోపలికి వెళితే, కళ్ళజోళ్ళ డబ్బాల దొంతరల నడుమ, దుకాణం బిల్లుల కోసం కొన్న పాత కంప్యూటరు. దాని తెర మీద, పొగమంచు కింద, నీళ్ళు మెల్లగా కదులుతూ ఉండేవి.

అది ఒక ఆట. అందులో శత్రువులు లేరు, తుపాకులు లేవు, గెలుపనేదే లేదు. ఒక సరస్సు, చుట్టూ అడవి, ఒడ్డున ఒక చిన్న ఊరు. ఎవరి బొమ్మ మనిషిని వారు నడిపించుకుంటూ కట్టెలు కొట్టుకోవచ్చు, వల వేయవచ్చు, పడవలో పడుకుని మబ్బుల కేసి చూడవచ్చు. ముగ్గురు అక్కచెల్లెళ్ళు, ముగ్గురూ మూడు ఇళ్ళలో ఉంటూ, చాలా ఏళ్ళపాటు సాయంత్రాలు ఆ ఒడ్డునే కలుసుకున్నారు. పెద్దక్క దారాల మిల్లులో రంగులు సరిపోల్చే పని చేసి విరమించింది. నడిమి ఆమెది ఈ దుకాణం. చిన్నది సిటీ బస్సు నడుపుతుంది. నీటి మీద నాలుగు స్తంభాల ఇల్లు కట్టాలంటే నలుగురు కాపరులు, అంటే నలుగురు ఆటగాళ్ళు, ఉండాలని ఆట నియమం. అందుకని చిన్నదాని భర్తను బతిమాలి, అతని చేత కూడా ఒక లావుపాటి జాలరిని సృష్టింపజేశారు. అతను ఒక వారం ఆడి, జాలరిని పీపా మీద కూర్చోబెట్టి, ఇక లేవలేదు.

ఈ వయసులో ఆటలేమిటని నవ్వినవారు ఉన్నారు. సాయంత్రమంతా టీవీ ముందు నోరు తెరుచుకుని కూర్చునే మనిషిని ఎవరూ ఆ ప్రశ్న అడగరన్న సంగతి నడిమి ఆమె గమనించి పెట్టుకుంది.

ఆ ఏడాది వసంతానికి కొన్ని వారాల ముందు ఆటను నడిపే సంస్థ ఒక ప్రకటన చేసింది. సరస్సును శుభ్రపరచదలచామనీ, వసంతపు తొలి సాయంత్రాన నలుగురు కాపరులూ తమ తమ స్తంభాల దగ్గర నిలిచి ఏకకాలంలో దీపాలు వెలిగించని ప్రతి ఇల్లూ నీటికి తిరిగి అప్పగించబడుతుందనీ దాని సారాంశం. ఆమె ఆ వాక్యాన్ని మళ్ళీ చదివింది. కూలుస్తాము అని రాయడానికి ధైర్యం లేని చెయ్యి రాసిన వాక్యం అది. శాశ్వతం అని చెప్పి ఇల్లు కట్టించినవారే ఇప్పుడు ఆ ఇంటిని చెత్త అంటున్నారు, పైగా ఎంతో మర్యాదగా అంటున్నారు.

మామూలు రోజుల్లో అయితే ఆమె కోపం ఆ పూటతో చల్లారేది. కాని ఆ ఇల్లు ఇప్పుడు ఇల్లు మాత్రమే కాదు.

పెద్దక్క చూపు పోతోంది. పూర్తిగా కాదు, నడిమధ్యన. ఎదురుగా ఉన్న మనిషి ముఖం ఉండవలసిన చోట ఒక బూడిద మచ్చ, దాని చుట్టూ మాత్రం లోకం. అక్షరం చదవలేదు, సూది పట్టలేదు. తల పక్కకు తిప్పి కంటి కొసతో చూస్తే వెలుగు తెలుస్తుంది, వెలుగులో కదలిక తెలుస్తుంది, రంగు తెలుస్తుంది. అందువల్ల ఆమెకు మిగిలిన చూడదగిన వస్తువులలో ఆ సరస్సు ఒకటి. సాయంత్రం చెల్లెలి పక్కన కుర్చీ వేసుకుని, ముఖం గోడ వైపు తిప్పుకుని, నీటిలో వణికే తమ ఇంటి దీపపు నీడను కంటి కొసతో చూసేది. "ఇవాళ ఉల్లిపొర రంగు," అనేది. లేదా, "పండుటాకులో కొంచెం ఇటుక కలిసింది," అనేది. రంగుల మాటలో ఆమె ఒక్కనాడూ తప్పలేదు.

కాని దీపాలు నాలుగు కావాలి. చిన్నది ఏడాదిగా మాట్లాడటం లేదు.

పెద్దక్క కళ్ళ సంగతి బయటపడిన రోజున చిన్నది దుకాణంలో నిలబడి, కొనడానికి వచ్చినవారు వింటూ ఉండగా, ఒక మాట అన్నది. "ఊళ్ళోవాళ్ళ కళ్ళన్నీ నీకు కనిపిస్తాయి. పక్కనే కూర్చున్న అక్క కళ్ళు కనిపించలేదా?" నడిమి ఆమె జవాబు చెప్పలేదు. ఆ సాయంత్రమే ఆటలో చిన్నదాని బొమ్మ అవతలి ఒడ్డున, అడవి దారి మొదట్లో, వీపు తిప్పుకుని నిలబడి మాయమైంది. మళ్ళీ రాలేదు.

జవాబు లేక కాదు. పెద్దక్క రోజూ దుకాణంలో కూర్చుని, పరీక్షకు వచ్చిన ప్రతివారూ చదివే పట్టిక వినీ వినీ, ఆ అక్షరాలన్నిటినీ కంఠస్థం చేసేసింది. తన వంతు వచ్చినప్పుడు చివరి వరుస దాకా గడగడా అప్పజెప్పింది. చెల్లెలు ఆశ్చర్యపోయి, "ఈ వయసులో ఇంత చూపా," అని మెచ్చుకున్నది కూడా.

"చిన్నదానికి ఎందుకు చెప్పలేదే నువ్వు?" అని పెద్దక్క ఒకసారి అడిగింది.

"నిన్ను దొంగని చేసి నేను దొరనవ్వాలా?"

"దొంగనే కదటే."

"అయితే నువ్వే చెప్పుకో."

పెద్దక్క అప్పటికి ఊరుకుంది.

ఒకరి తరువాత ఒకరుగా వెళ్ళి దీపం పెట్టి వస్తే సరిపోదు. మనిషి వెళ్ళిపోతే ఆ మనిషి దీపం ఆరిపోతుంది. నలుగురూ ఒకేసారి ఉండాలి. ఉన్నది ఒక్క కంప్యూటరు, ఎందుకంటే పెద్దక్కది ఆమె చూపుతో పాటే మూలపడింది. అంటే ఒకే తెర మీద ఆటను నాలుగు కిటికీలుగా తెరవాలి. ఒక మనిషి నాలుగు కిటికీలు తెరవకూడదని నిబంధనల్లో ఎక్కడా లేదు. ఆమె ఆ నిబంధనలు ఆసాంతం చదివింది. బహుశా అలా చదివిన మనిషి ఆమె ఒక్కతే అయి ఉంటుంది.

మరిదికి ఫోన్ చేసింది.

"నా మనిషి ఇంకా పీపా మీదే ఉన్నాడా వదినా?" అన్నాడు అతను, సంబరంగా.

"ఉన్నాడు. నీలాగే. కదలకుండా."

"వాడే నయం. వాడికి డ్యూటీ లేదు. తీసుకోండి, వాడు ఇక మీ వాడే. మరి ఆవిడ బొమ్మో?"

"అది అడగడానికే చేశాను."

అతను గొంతు తగ్గించాడు. "నేను అడగను వదినా. అడిగితే ఈ పూట నాకు అన్నం ఉండదు. మీరే ఒకసారి తలుపు తోసి చూడండి."

ముగ్గురు అక్కచెల్లెళ్ళదీ ఒకటే పాస్‌వర్డ్, చిన్నప్పుడు పెంచిన మేక పేరు. చిన్నది ఈపాటికి మార్చేసి ఉంటుందనే అనుకుంటూ ఆమె ఆ అక్షరాలు కొట్టింది. తెర నల్లబడి, తెల్లబడి, అడవి దారి మొదట్లో వీపు తిప్పుకుని నిలబడిన మనిషి కనిపించింది. గడియ వేసి లేదు.

మొదటి రోజు ఆమె తప్పు చేసింది. ఆ తప్పు ఆ ఇంట్లో పుట్టినవారే చెయ్యగలరు. వారి చిన్నతనంలో పెద్దక్క రొట్టెను దారంతో కొలిచి కోసేది. ముగ్గురికీ మూడు ముక్కలు, గోరంత తేడా రాకూడదు. ఏది వచ్చినా అలాగే పంచుకుని పెరిగారు కనుక, ఆమె కంప్యూటరును కూడా అలాగే పంచింది. నాలుగు కిటికీలూ ఒకే కొలత, ఒకే నాణ్యత, ఒకే వేగం. తెర నాలుగు సమాన భాగాలైంది. నాలుగింటిలోనూ సరస్సు గడ్డకట్టింది.

నీళ్ళు ఒక చోట ఆగి, ఉలిక్కిపడి మరొక చోట మొదలయ్యేవి. ఎగిరే కొంగ గాలిలో వేలాడి, కనుమరుగై, చెట్టు మీద తేలేది. మీట నొక్కిన ఎంతోసేపటికి గాని బొమ్మ అడుగు వేసేది కాదు. కంప్యూటరు లోపలి పంకా ఎక్కడో దూరాన పొలం దున్నుతున్నట్టు రొద పెట్టింది. కలలో పరిగెత్తబోతే కాళ్ళు రానట్టు, నలుగురూ నాలుగు కిటికీల్లో ఈదుతున్నారు.

వీధి చివర మరమ్మతు దుకాణం అతను ఫోన్‌లో వివరాలు వినకుండానే, "కొత్తది తీసుకోండి మేడమ్," అన్నాడు. చూపు మసకబారిందని వచ్చిన మనిషికి కొత్త కళ్ళు తీసుకోండని తాను ఏనాడూ చెప్పలేదని ఆమె అనుకుంది, కాని పైకి అనలేదు. ఇంటర్నెట్‌లో ఎవరో ధీమాగా రాసిన సలహాలన్నీ ఒక్క పూటలో అమలు చేసింది. పరిస్థితి ఇంకా విషమించింది. ఏ సలహా ముంచిందో తెలియలేదు. అప్పుడు ఆమెకు తన మీద తనకే కోపం వచ్చింది. అన్ని అద్దాలూ ఒకేసారి మార్చింది తనే.

మర్నాడు అన్నిటినీ మొదటికి తెచ్చి, పరీక్ష చట్రం దగ్గర కూర్చున్నట్టు కూర్చుంది. ఒక్కటి మార్చేది. చూసేది. ఇది బాగుందా, ఇంతకు ముందుది బాగుందా?

అద్దాలు తుడిచే కుంచెతో, గాలి ఊదే బుడ్డితో కంప్యూటరు పొట్టలోని దుమ్ము తీసింది. రొద తగ్గింది. దుకాణం కెమెరా ప్రోగ్రాము ఎవరూ చూడని చిత్రాలను రోజంతా నమిలి మింగుతూ వెనకాల నడుస్తోందని కనిపెట్టి దాన్ని ఆపింది. కొంగ వేలాడటం మానేసింది. మూడు కిటికీలలో ధ్వని తీసేసింది. పెద్ద తేడా లేదు. అయినా అడవిలో ఒకే పిట్ట నాలుగుసార్లు కూయడం ఆగింది, అదీ మంచిదే. నీడలు తీసేసింది. ఆ ఒక్కదానితో గదిలో ఎవరో బరువు దించుకున్నట్టయింది.

అసలు మాట మాత్రం పెద్దక్క నోట వచ్చింది.

"నలుగురూ నడుస్తున్నారా?" అని అడిగింది పెద్దక్క, ముఖం గోడ వైపు తిప్పుకునే.

"లేదు. ఒకర్నే నడుపుతాను కదా. మిగతావాళ్ళు కూర్చునే ఉంటారు."

"కూర్చున్నవాళ్ళకి అంత తిండెందుకే?"

ఆమె మీటల మీద వేళ్ళు ఆపింది.

"దారంతో కొలిచి పెట్టేదానివి నువ్వే కదక్కా."

"అప్పుడు అందరికీ ఆకలి ఒకటే. ఇప్పుడు మరిది పీపా మీద కూర్చున్నాడు. పీపా మీద కూర్చున్నవాడికి దీపం కనబడితే చాలు."

ప్రతి కిటికీ తన దృశ్యాన్ని వీలైనంత త్వరగా, క్షణానికి ఎన్నిసార్లు వీలైతే అన్నిసార్లు, మళ్ళీ మళ్ళీ గీసుకుంటూ ఉంటుంది. చూసే కన్ను ఉన్నదా లేదా అని అది అడగదు. వెనక ఉన్న కిటికీలను నెమ్మదిగా గీసుకోమని ఆదేశించే వీలు ఆటలోనే, ఎవరూ తెరవని ఒక మూలలో ఉంది. ఆమె జాలరి కిటికీని తపాలా బిళ్ళంత చేసింది. తన కిటికీని అరచేయంత చేసింది. రెండింటికీ వేగం తగ్గించింది. వాటిలోని మనుషులు నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు, చాలాసేపటికి ఒకసారి కదిలారు. ముందున్న కిటికీలో చిన్నదాని బొమ్మ అడవి దారిన హాయిగా నడిచింది.

ఆ నడక ఆమెకు చాలాకాలం గుర్తుండిపోయింది. మధ్యాహ్నాలు దుకాణంలో జనం లేనప్పుడు, చెల్లెలి వీపు చూస్తూ, చెల్లెలి కాళ్ళతో, మంచు కురిసే అడవిని చుట్టి వచ్చేది. వంతెనలు దాటేది. ఎక్కడైనా ఆగితే ఆ బొమ్మ తలపాగా సవరించుకునేది. నిజం చెల్లెలు కూడా సిగ్నల్ దగ్గర బస్సు ఆపినప్పుడు అలాగే టోపీ సవరించుకుంటుంది. ఒక్కొక్కసారి ఎవరు ఎవరిని నడిపిస్తున్నారో తెలిసేది కాదు.

అయినా యంత్రానికి ఇంకా కొంచెం బరువు ఎక్కువే. ఆమె నీటిలోని ప్రతిబింబాలు తీసేసింది. నాలుగు కిటికీలూ వెన్నలా జారాయి.

"నీళ్ళేవీ?" అంది పెద్దక్క.

"ఉన్నాయక్కా. ఎదురుగానే."

"లేవు. చదును నేల ఉంది. బూడిద రంగు. నీళ్ళు ఏం చేశావు?"

ఆమె ప్రతిబింబాలను తిరిగి పెట్టింది, పెద్దక్క కిటికీలో మాత్రం. తక్కిన ముగ్గురూ బోసి సరస్సు పక్కనే నడిచారు. నీళ్ళు పెద్దక్కకు. అది సమానమైన పంపకం కాదు. అయినా నాలుగు కిటికీలూ నడిచాయి, ఊపిరి బిగబట్టుకుని అయినా.

వసంతపు తొలి సాయంత్రం దుకాణం పెందరాళే మూసి, ఇద్దరూ వెనక గదిలో కూర్చున్నారు. ముగ్గురు కాపరులు ఇంటి స్తంభాల దగ్గరే ఉన్నారు. జాలరిని పీపా మీద నుంచి లేపడానికి ఆమె నిన్ననే నానా తంటాలు పడింది. చిన్నదాని బొమ్మ మాత్రం, మధ్యాహ్నపు షికారు ముగించి ఆగిన చోటనే, సంతకు ఇవతల, పడవల షెడ్డు దగ్గర. సంత దాటితే వంతెన, వంతెన దాటితే ఇల్లు.

ఆమె లెక్క వేయని సంగతి ఒకటుంది. తాను సాధన చేసింది నిర్మానుష్యమైన మధ్యాహ్నాల్లో. ఈ సాయంత్రం ఆ ప్రకటన చదివిన ప్రతి కాపరీ, ఇల్లు పోతుందన్న భయంతో, ఊళ్ళోకి వచ్చాడు. సంత నిండిపోయింది. వందల బొమ్మలు, వందల లాంతర్లు. ప్రతి ముఖాన్నీ ఆ పాత కంప్యూటరు నాలుగుసార్లు గీయాలి.

పంకా మళ్ళీ పొలం దున్నడం మొదలుపెట్టింది. చిన్నదాని బొమ్మ అడుగు ఎత్తి, ఆగింది. ఆమె మీట నొక్కింది. ఏమీ కదల్లేదు. మళ్ళీ నొక్కింది. కాసేపటికి నొక్కిన నొక్కులన్నీ ఒక్కసారి అందినట్టున్నాయి, బొమ్మ గిర్రున తిరిగి షెడ్డు గోడకు ముఖం ఆనించి, అక్కడే నడవసాగింది. గోడకేసి, ఆగకుండా, నడుస్తూనే ఉంది. ఆటలో పొద్దు వాలుతోంది. ఆ సంధ్య ఒక గిన్నెడు నీళ్ళు మరిగేంతసేపే ఉంటుంది.

తీసేయడానికి ఇంక ఒక్కటే మిగిలింది. ఆమె చెయ్యి అటు వెళ్ళి, వెనక్కి వచ్చింది.

"నీళ్ళు ఆపెయ్యవే," అంది పెద్దక్క నిదానంగా. ఆమెకు మీటల చప్పుడు చాలు.

"వద్దు."

"ఇల్లంటూ ఉంటే నీళ్ళు రేపైనా చూడొచ్చు."

"రేపు చూస్తావని నాకు నమ్మకం లేదు."

అన్న తరువాత గాని ఆ మాట ఎంత పదునుగా ఉందో ఆమెకు తెలియలేదు. పెద్దక్క నొచ్చుకోలేదు. "నాకూ లేదు," అంది. "అయినా ఆపు."

ఆమె ఆపబోయింది. సరిగ్గా అప్పుడు చిన్నదాని కిటికీ తనంతట తానే మూసుకుపోయింది. దాని స్థానంలో ఒక చిన్న పలక. అందులో ఒక్క వాక్యం: ఈ కాపరి మరొక చోటి నుంచి ప్రవేశించారు.

ఆమె ఆ వాక్యం కేసి చూస్తూ ఉండిపోయింది. యంత్రం కూలిందనుకుంది. సంస్థవారు కనిపెట్టి వెళ్ళగొట్టారనుకుంది. ఏమని అనుకున్నా ఇక మూడు దీపాలే. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

పంకా రొద తగ్గింది. మొదట పెద్దక్కే ఆ తేడా పసిగట్టింది. "ఇప్పుడేం చేశావు? నీళ్ళు మెత్తబడ్డాయి."

ఒక కిటికీ తగ్గింది కదా. మిగిలిన మూడింటికీ ఊపిరి ఆడింది. పెద్దక్క కిటికీలో సరస్సు ఈ కొస నుంచి ఆ కొస దాకా కదిలింది. ఆ నీటి అంచున, పడవల షెడ్డు గోడ దగ్గర నుంచి, ఒక మనిషి వెనక్కి తిరిగి, తలపాగా సవరించుకుని, జనాన్ని అటూ ఇటూ తప్పించుకుంటూ, రద్దీ రోడ్డు మీద ఆరితేరిన చేతులు నడుపుతున్నంత నిర్లక్ష్యంగా వంతెన వైపు వచ్చింది.

కిటికీ అడుగున అక్షరాలు మెరిశాయి.

"ఎవరో ఏదో రాశారు కదూ," అంది పెద్దక్క. "చదువు."

ఆమె చదివింది. "చిన్నక్కా, నా మనిషిని గోడకేసి నడిపిస్తావేం. బస్సు నడిపేదాని పరువు తీశావు. తప్పుకో."

"ఇంకా?"

"నువ్వు తలుపు తీసిన ప్రతిసారీ నా ఫోన్‌కి కబురొస్తుంది. రోజూ మధ్యాహ్నం నన్ను అడవిలో తిప్పుతున్నావు. ఎక్కడిదాకా తెస్తావో చూద్దామని ఊరుకున్నాను."

"ఇంకా ఉంది. చదువు."

ఆమె కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. "మొన్న పెద్దక్క ఫోన్ చేసింది. పట్టిక బట్టీ పట్టిందట. నాకు చెప్పి ఉంటే తిట్టాల్సినదాన్ని తిట్టేదాన్ని. ఏడాది పాటు తప్పు మనిషితో మాటలు మానేశాను."

"దొంగే తనను తాను పట్టిచ్చుకుంది," అంది పెద్దక్క, గోడతో చెప్తున్నట్టు. "ఏమన్నా రాస్తావా?"

ఆమె ఆలోచించి, రెండు మాటలు కొట్టింది. "దీపం పెట్టు."

సంధ్య వెలుగు సన్నబడింది. మొదట జాలరి దీపం. తరువాత ఆమెది. పెద్దక్క వేలు పట్టుకుని మీట మీద పెడితే, పెద్దక్క తన దీపం తానే వెలిగించుకుంది. చివరి స్తంభం దగ్గర నాలుగో మనిషి ఆగి, ఊరికే ఏడిపించడానికి కాసేపు నిలబడి, వంగింది.

నాలుగు దీపాలు నీటి మీద పడ్డాయి. పడి, పొడుగ్గా సాగి, ఒకదానిలో ఒకటి కలిసి, విడిపోయాయి. ఇంటి కింద మరొక ఇల్లు తలకిందులుగా వెలిగింది. ఊరంతా అలాగే వెలిగింది. కొన్ని ఇళ్ళు చీకటిగానే ఉండి, చప్పుడు లేకుండా, మంచులో కరిగిపోయాయి.

అప్పుడు ఆమె ఇంకొకటి చేసింది. ఒక కిటికీ బరువు తగ్గింది కనుక, ఏనాడో తీసేసిన నీడలను తిరిగి పెట్టి, పెద్దక్క కిటికీని తెర నిండా పరిచింది. తన కుర్చీ వెనక్కి జరిపి, ముందు గదిలో అడిగే గొంతుతో అడిగింది.

"ఇది బాగుందా, ఇంతకు ముందుది బాగుందా?"

పెద్దక్క ముఖం మరికాస్త పక్కకు తిప్పుకుని, వెలుగు కోసం వెతికింది. అప్పజెప్పడానికి ఇక్కడ పట్టిక లేదు.

"మధ్యలో ఏమీ లేదే," అంది చాలాసేపటికి. "అంచున ఉంది. మూడు ఉల్లిపొర రంగు. నాలుగోది కొత్తది, ఇంకా పేరు దొరకలేదు. ఉండు, చెప్తాను."

ఆమె ఉంది.